దిద్దని మూడు మాటలు

వైశాఖ శుద్ధ విదియ, సోమవారం

పొద్దున్నే ఎండ పలకల మీద ఉప్పు తుడిచాను. వారం నుంచి గాలి సముద్రం వైపు నుంచే వస్తోంది, తుడిచిన గంటకే మళ్ళీ తెల్లగా పేరుకుంటోంది. స్వామికి దీపం పెట్టి, చల్దన్నం తిని, ఏడింటి పంటు ఎక్కి వార్తాకేంద్రానికి వచ్చాను. రేవులో నీళ్ళు పదకొండో మెట్టు దాకా ఉన్నాయి.

ఈ రోజు ఒక్కటే ప్రసంగం, కట్టల మంత్రి గవర్రాజు గారిది. మామూలుగానే గాజుగదిలో, ఆయన కనబడే తెర ముందు కూర్చున్నాను. బయట బల్లల మీద ఓ ముప్పైమంది చేరారు. యంత్రాల గొంతులు నమ్మి జనం మోసపోయిన రోజులు ఇంకా ఎవరూ మరిచిపోలేదు. అందుకే అబద్ధాన్ని పట్టేది వినికిడి పెట్టె అయినా, తప్పని చెప్పేది మాత్రం బతికున్న మనిషే కావాలి, అందరికీ కనబడుతూ చెప్పాలి.

రెండో నిమిషంలో మంత్రిగారు వాళ్ళమ్మకి తాను ఐదో సంతానమని అన్నారు. తెరమీద ఆ మాట ఎర్రబడింది. మీట నొక్కి, "మంత్రిగారూ, జనన పుస్తకం ప్రకారం మీరు మూడోవారు" అన్నాను.

ఆయన నవ్వేసి, "తాయారమ్మగారు మా అమ్మకన్నా బాగా గుర్తుపెట్టుకున్నారండోయ్" అన్నారు. జనం నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

ప్రసంగానికి ఒక్కటే దిద్దుబాటు. నేను చేరిన కొత్తలో ఐదు ఉండేవి. మంత్రుల్ని మాట్లాడనివ్వడం లేదని సభలో గోలచేసి మూడు చేశారు, పోయినేడు ఒకటి చేశారు. అందుకని పంతొమ్మిదో నిమిషంలో ఆయన, ఐదో దిబ్బలో మంచినీళ్ళ యంత్రం బాగయింది, ఆ నీళ్ళు నిక్షేపంలా తాగొచ్చు అన్నప్పుడు, తెర పండు మిరపకాయలా ఎర్రబడినా, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

దిద్దని మాట సాయంత్రానికి నిలిచిన మాటల పుస్తకంలోకి ఎక్కుతుంది. ఇక దాని మీద ఉత్తర్వులు వాటంతటవే వెళ్ళిపోతాయి. రేపటినుంచి ఐదో దిబ్బకి నీళ్ళ పడవ ఉండదు.

వినికిడి పెట్టె చూసే నాగవేణి నేను ఇది రాస్తుంటే తొంగి చూసింది. "రోజూ అంతంత రాస్తారేంటండీ, ఎవరు చదువుతారని?" అంది. దిద్దుబాటు చేసేవాళ్ళు రోజూ రాయాలన్నది చట్టం. శుక్రవారం అప్పచెబితే శనివారం పై అంతస్తు చదువుగదిలో పెడతారు. మిగతావాళ్ళు నాలుగు ముక్కలతో సరిపెడతారు. నాకు మాత్రం మనసులో ఉన్నది రాస్తే గాని నిద్రపట్టదు.

వైశాఖ శుద్ధ సప్తమి, శనివారం

ఐదో దిబ్బలో నలభైమందికి వాంతులు, విరేచనాలు. భజనలో తాళాలు వేసే గంగన్న తాత పోయాడు. తెల్లవారి ఈ కబురు తెలిసినప్పటినుంచి నాకు మెతుకు దిగలేదు.

ఇంట్లో దాచుకున్న నా పాత పేజీల నకళ్ళు తిరగేశాను. గవర్రాజు గారి గడిచిన నాలుగు ప్రసంగాలూ పక్కపక్కన పెట్టి చూశాను. మొదటిసారి తన పెళ్ళయిన ఏడు తప్పు చెప్పారు. రెండోసారి చదువుకున్న బడి పేరు. మూడోసారి తాను నిలబడి ఉన్న దిబ్బ పేరే. నాలుగోసారి తన అన్నదమ్ముల లెక్క. నాలుగూ మొదటి మూడు నిమిషాల్లోనే. నాలుగూ మనిషన్నవాడు పొరబడని సంగతులు. ప్రతిసారీ నేను ఠపీమని దిద్దాను. ప్రతిసారీ ఆ తరవాత పెద్ద మాటొకటి నా ముందునుంచే వెళ్ళిపోయింది.

ఠపీమని ఎందుకు దిద్దానంటే నా ప్రమాణం అది. ఉద్యోగంలో చేరేటప్పుడు ఎవరి దేవుడి ముందు వాళ్ళు ప్రమాణం చేయాలి. నరసింహస్వామి పాదాల మీద చెయ్యి పెట్టి, "విన్న అబద్ధాన్ని విన్నచోటే ఆపుతాను" అన్నాను. ఈ పనికి దైవభయం ఉన్నవాళ్ళనే ఏరి తీసుకుంటారు, జనానికి నమ్మకం కుదురుతుందని. అందుకేనా అని ఈ రోజే మొదటిసారి అనుమానం వచ్చింది.

మధ్యాహ్నం కేంద్రం అధికారి దైవసహాయం గారి గదికి వెళ్ళాను.

"చిన్న అబద్ధాన్ని వదిలేసి పెద్దదాని కోసం ఆగొచ్చాండీ?"

"ప్రమాణం ఏమని చేశారమ్మా?"

"విన్నచోటే ఆపుతానని."

"మరి? ఏది చిన్నదో ఏది పెద్దదో మీరు తూచడం మొదలెడితే, రేపు మీ కుర్చీలోకి వచ్చేవాళ్ళు తమకి కావలసినట్టు తూస్తారు. అప్పుడు మనకీ ఆయనకీ తేడా ఏముంటుంది?"

ఆ మాటలో తప్పేమీ కనబడలేదు. కానీ ఆయన అది చెబుతున్నంతసేపూ కళ్ళజోడు తుడుచుకుంటూనే ఉన్నారు, నా మొహం చూడలేదు.

వైశాఖ శుద్ధ దశమి, మంగళవారం

పడవ బడి ప్రారంభం. గవర్రాజు గారు పూలదండ తీసి పక్కన పెట్టి, "ఈ రోజు ఏకాదశి కదండీ, పొద్దుటినుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు" అన్నారు.

తెర ఎర్రబడటానికి ముందే నా వేలు మీట మీద ఉంది. "మంత్రిగారూ, ఈ రోజు దశమి. ఏకాదశి రేపు" అన్నాను.

"అయితే భోజనం చేసేయొచ్చన్నమాట!" అన్నారాయన. జనం చప్పట్లు కొట్టారు.

నన్ను కలవరపెట్టింది ఆ చప్పట్లు కాదు. ఏకాదశి అనగానే ఆయన ఆగారు. కోడికి నూకలు జల్లి, వస్తుందా రాదా అని చూస్తాం చూడండి, అలా కెమెరాలోకి చూస్తూ ఆగారు. నేను మాట్లాడాకే ఆయన భుజాలు వదులయ్యాయి.

ఇరవైమూడో నిమిషంలో, ఆరో దిబ్బ లాకు దగ్గర ఈతగాళ్ళు నీళ్ళలో దిగి పునాది పరీక్షించారని, రాయిలా ఉందని చెప్పారు. ఒక్క ఈతగాడూ దిగలేదు. ఆ మాట నిలిచింది.

మా చెల్లెలు ఆండాళుది ఆరో దిబ్బ. పోయిన శ్రావణంలో లాకు తలుపులు పగిలినప్పటినుంచి మూడువేల మందితో పాటు అదీ రేకుల షెడ్డులో ఉంటోంది. పునాది గట్టిదన్న మాట నిలిచింది. కొత్త తలుపులు నాలుగూ బిగించామన్న మాట కూడా నిలిస్తే, ఇళ్ళకు పొమ్మని ఉత్తర్వు దానంతటదే వెళ్ళిపోతుంది. ఆయన మళ్ళీ మాట్లాడేది ఆదివారం, పౌర్ణమి పోటు ముందు.

ఏకాదశి అంటే నేను ఆగలేనని ఆయనకి ఎవరు చెప్పారు? నా పక్కన కూర్చునేది నాగవేణి ఒక్కతే.

"నేను ఏకాదశి ఉంటానని ఎవరికైనా చెప్పావా, నాగవేణీ?"

"మీరు ఏకాదశి ఉంటారని ఈ మేడ మెట్లకి కూడా తెలుసండి. ఆ రోజు నా డబ్బాలో పులిహోర మొత్తం నేనే తినాలిగా."

"అది కాదు. బయటివాళ్ళకి."

తను డబ్బా మూత పెట్టేసింది. "అంటే నా మీదా అనుమానం? ఆయ్, అడగండి, మొహమాటమెందుకు? మెత్తటి గొంతుతో అడిగితే అది తిట్టు కాకుండా పోద్దనుకుంటున్నారా?"

టీ తాగకుండానే వెళ్ళిపోయింది. నేను వెనక్కి పిలవలేదు.

వైశాఖ శుద్ధ ద్వాదశి, గురువారం

ఉపవాసం విడిచి, దైవసహాయం గారు మేం రోజూ రాసే పుస్తకాలు ఎవరికి ఇస్తారో కనుక్కుందామని చదువుగదికి వెళ్ళాను. అంటే నిన్నంతా నా అనుమానం ఆయన మీద. అక్కడ పుస్తకాలు చూసే ఆవిడ నన్ను చూడగానే లేచి నిలబడింది.

"మీరేనా తాయారమ్మగారు? మీ పుస్తకమంటే ఆయనకి ఎంత ఇష్టమోనండీ!"

"ఎవరికి?"

చదివినవాళ్ళ సంతకాల చీటీ నా ముందు పెట్టింది. ఒకటే పేరు, ముప్పైఒక్క శనివారాలు. సూర్యభాస్కరం, కట్టల శాఖ.

"పొద్దున్న తలుపు తియ్యగానే వచ్చేస్తారు. ఎంచక్కా రాసుకుంటారు కూడా" అంది.

అక్కడే కూర్చుని నా పుస్తకం నేనే చదివాను. మాఘమాసంలో రాసుకున్నాను, తిథి తప్పు చెబితే యంత్రం కన్నా ముందు నా నోరే లేస్తుంది స్వామీ అని. ఫాల్గుణంలో, కన్నతల్లి గురించీ తోబుట్టువుల గురించీ ఎవరైనా తప్పు చెబితే విని ఊరుకోలేనని. ఆండాళు షెడ్డులో పడుతున్న బాధ, దాని పేరెత్తితే నాకు ఏడుపాగదన్న సంగతి, అన్నీ నా చేతి రాతే, గుండ్రంగా, ఎవరికైనా అర్థమయ్యేట్టు.

కిందకి దిగి నాగవేణి పక్కన కూర్చున్నాను.

"దొంగ దొరికిందాండీ?" అంది, నా వైపు చూడకుండా.

"దొరికింది. నేనే."

చెప్పింది విని చాలాసేపు నవ్వింది. కళ్ళు తుడుచుకుని, "మరి నన్నన్నదానికి?" అంది.

"తప్పయిపోయింది తల్లీ. రేపు నీ డబ్బాలో సగం నాకు పెట్టు."

"పెడతాను గాని, ఈ వారం పుస్తకంలో ఓ అబద్ధం రాసెయ్యండి. తిథులూ గిథులూ నాకేం పట్టవని. ఆయన ఇంకోటేదో వెతుక్కుంటాడు."

"అబద్ధం రాయను."

"అయితే పుస్తకమే ఇవ్వకండి. అది అబద్ధం కాదుగా!"

వైశాఖ శుద్ధ త్రయోదశి, శుక్రవారం

పుస్తకం ఇవ్వలేదు. కారణం అడిగితే ఆదివారం తరవాత చెబుతానన్నాను. దైవసహాయం గారు నాకు మెమో రాస్తూ, "పైనుంచి ఇప్పటికే రెండుసార్లు అడిగారమ్మా, మీ పుస్తకం వచ్చిందా అని" అన్నారు. నాకు హెచ్చరికగా చెప్పారో, వాళ్ళ తరఫున ఆరా తీశారో తెలియలేదు. పొద్దుటినుంచి ఆయన మొహమే చదువుతున్నాను, ఏమీ అంతు చిక్కడం లేదు.

సాయంత్రం ఆండాళు ఫోను చేసింది. "అక్కా, ఆదివారం మంత్రిగారు చెప్పేస్తారట. సోమవారం పడవలు. ఇల్లంతా బూజు పట్టి ఉంటుంది, నువ్వొచ్చి ఓ చెయ్యి వెయ్యాలి."

"తొందరపడకే."

"నీకేం, పక్కా మేడలో ఉన్నావు. ఇక్కడ రేకుల కింద ఉడికిపోతున్నాం. పక్క మంచం ఆవిడ గురక, ఎదుటి మంచం ఆయన దగ్గు. నా ఇంట్లో నేను మునిగినా ఫర్వాలేదనిపిస్తోంది."

"అలా అనకు."

"ఊరికే అన్నాలే. ఏడవకు."

రాత్రి స్వామి ముందు కూర్చున్నాను. ఏం చేయబోతున్నానో ముందే చెప్పుకుని, లెంపలు వేసుకున్నాను. దీపం ఎప్పటిలాగే వెలిగింది.

వైశాఖ పౌర్ణమి, ఆదివారం

గాజుగది బయట నిలబడటానికి కూడా చోటు లేదు. షెడ్డులోనూ తెర పెట్టారని, అందరూ మూటలు కట్టుకుని చూస్తున్నారని నాగవేణి చెప్పింది. ఆరో దిబ్బ లాకు కాపలాదారు నిన్న సాయంత్రం రాసిన లెక్క నా ముందు పెట్టింది.

మొదటి నిమిషంలోనే గవర్రాజు గారు చేతులు జోడించారు. "ఈ రోజు నరసింహ జయంతి. ఇంత మంచి రోజున మీ ముందు నిలబడటం నా అదృష్టం."

జయంతి నిన్న, చతుర్దశి నాడు. నిన్న వడపప్పు, పానకం నా చేత్తో నైవేద్యం పెట్టాను. తెర ఎర్రబడింది. ఆయన ఆగారు. నా స్వామి పేరు అది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

ఇరవై లెక్కపెట్టేలోగా దిద్దకపోతే గడువు దాటినట్టే. దాటింది. బయట జనం నా వైపు చూశారు. మొదటిసారి ఆయన కనురెప్పలు టపటపా కొట్టుకోవడం చూశాను.

"నేనూ ఈ ఆరో దిబ్బ బిడ్డనే" అన్నారు. "ఆ మట్టిలోనే పుట్టాను." పుట్టింది రెండో దిబ్బ ఆసుపత్రిలో. మళ్ళీ ఆగారు. నేను కదల్లేదు.

ఆ తరవాత రోడ్ల గురించి, బడుల గురించి, ఎర్రబడనివి ఏవేవో చెప్పారు. తలుపుల మాట దగ్గరకు రావడం, పక్కకు తప్పుకోవడం. చొక్కా కాలరు తడిసిపోయింది. చివరికి కాగితాలు పక్కన పెట్టేసి, కెమెరాలోంచి నేరుగా నా కళ్ళలోకి చూశారు.

"అంత దూరం ఎందుకండీ. మన దిద్దుబాటు తాయారమ్మగారి సొంత చెల్లెలు, ఆండాళమ్మగారు, నిన్ననే ఆరో దిబ్బలో తన ఇంటికి తిరిగి వెళ్ళిపోయారు. పాలు కూడా పొంగించుకున్నారు. ప్రమాదమే ఉంటే సొంత చెల్లెల్ని పంపుతారా?"

తెర ఎర్రబడింది. నాగవేణి నా మోచెయ్యి పట్టుకుంది. నా నోట్లో మాట పళ్ళ దాకా వచ్చింది. ఆండాళు షెడ్డులో మూట మీద కూర్చుని తెర చూస్తూ ఉంటుంది. దాని పేరు ఆయన నోట్లో. స్వామీ, స్వామీ అనుకుంటూ ఇరవై లెక్కపెట్టాను. అంత పొడుగు ఇరవై నా జన్మలో లెక్కపెట్టలేదు.

గడువు దాటింది. ఇక ఆయనకి వేరే దారి లేదు. ఆ ఒక్క మాట చెప్పకుండా దిగిపోతే ఉత్తర్వు రాదు, ఉత్తర్వు రాకపోతే సోమవారం పడవలు కదలవు.

"ఆరో దిబ్బ లాకుకి కొత్త తలుపులు నాలుగూ బిగించాం" అన్నారు, గబగబా.

మీట నొక్కాను. నా గొంతు నాకే వినబడనంత చిన్నగా వచ్చింది, కానీ వచ్చింది.

"మంత్రిగారూ, రెండే బిగించారు. మిగతా రెండూ రేవులో గోనెల కింద ఉన్నాయి. నిన్న సాయంత్రం లాకు కాపలాదారు రాసిన లెక్క ఇది." కాగితం అద్దానికి ఆనించి పెట్టాను.

బయట ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరో, "అయితే రేపు పడవల్లేవా?" అన్నారు. అంతే.

వైశాఖ బహుళ పాడ్యమి, సోమవారం

పొద్దున్నే గుడి పూజారిగారికి తాఖీదు వచ్చింది, ఇకపై నరసింహ జయంతి పౌర్ణమి నాడే చేయాలని. ఆయన అది పట్టుకుని మా ఇంటికి వచ్చి, "ఏంటమ్మా ఇది?" అని అడిగారు. ఆరో దిబ్బలో మంత్రిగారు పుట్టిన చోట గుర్తు రాయి వేయడానికి కూడా ఉత్తర్వు వెళ్ళిందట.

మొదటి అబద్ధాన్ని విన్నచోటే ఆపనందుకు నా మీద విచారణ. దైవసహాయం గారు ఆ కాగితం ఇచ్చి, వెంటనే గదిలోంచి వెళ్ళలేదు. "నేనైతే ఆ చెల్లెలి మాట దగ్గర ఆగేవాణ్ణి కాదమ్మా" అన్నారు. మెచ్చుకోవడమో, తప్పుపట్టడమో.

మధ్యాహ్నం గుమ్మంలో ఆండాళు, చంకలో మూటతో. షెడ్డు తలుపు దాని బొటనవేలి ముద్ర ఒప్పుకోలేదట. నిలిచిన మాటల పుస్తకంలో అది ఆరో దిబ్బ మనిషి ఇప్పుడు. మంచం ఇంకెవరికో ఇచ్చేశారు.

"మూడువేల మందిని ఆపావు" అంది మూట కింద పడేసి. "నన్నొక్కదాన్నీ పంపించేశావు."

"ఆండాళూ..."

"మాట్లాడకు. షెడ్డులో నిన్ను ఏమేం తిట్టారో తెలుసా? మా ఇళ్ళకి మమ్మల్ని పోనివ్వడానికి ఇదెవరని. నేనూ వాళ్ళతో కలిసి తిట్టాను. మంత్రి నా పేరు చెబుతుంటే, నా అక్క ఇప్పుడు లేస్తుంది, ఇప్పుడు లేస్తుంది అని చుట్టూ అందరికీ చెప్పాను. లేవలేదు నువ్వు."

అన్నం పెట్టాను. తినలేదు.

వైశాఖ బహుళ విదియ, మంగళవారం

పొద్దున పది దాటాక పోటు వచ్చింది. రేవులో మెట్లన్నీ మునిగాయి. బిగించిన రెండు తలుపులూ నిలిచాయి. బిగించని రెండింటి చోట అడ్డం పెట్టిన దుంగలు పావుగంట కూడా ఆగలేదు. కింద పునాది కూడా కొంత కొట్టుకుపోయిందని చెబుతున్నారు.

ఆండాళు పొయ్యి దగ్గర దోసె తిప్పుతోంది. నిన్నటినుంచి నాతో మాట్లాడలేదు గాని, వంట మాత్రం తనే అందుకుంది. తెరమీద ఆరో దిబ్బ చూపిస్తున్నారు. వీధులన్నీ నీళ్ళు. గుమ్మాలు దాటి, కిటికీలు దాటి, ఎర్రటి బురదనీళ్ళు. మనిషి అలికిడి లేదు. దాని ఇంటి నీలం తలుపు పైచెక్క మాత్రం కనబడుతోంది.

ఆండాళు అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

అప్పుడు రక్షణ పడవలు కనబడ్డాయి, నాలుగు. మనుషులు నడిపేవి కావవి. నిలిచిన మాటల పుస్తకంలో దిబ్బమీద ఎంతమంది ఉన్నారని ఉంటే అంతమందినీ ఎక్కించుకునేదాకా వెనక్కి రావు. మునిగిన ఇళ్ళ మధ్య మెల్లగా తిరుగుతూ, లౌడ్‌స్పీకర్లలో ఒకటే పేరు పిలుస్తున్నాయి. ఆండాళమ్మగారూ, భయపడకండి. ఎక్కడున్నారో గట్టిగా పలకండి. ఆండాళమ్మగారూ.

నాగవేణి ఫోను చేసింది. "మీ చెల్లెలుగారు మీ ఇంట్లోనే ఉన్నారుగా అండీ?" "చెప్పండి, ఉన్నారుగా?"

"ఉంది. దోసెలు పోస్తోంది" అన్నాను.

పడవలు ఒక వీధి అయ్యాక ఇంకో వీధికి తిరుగుతున్నాయి. ఆ పేరు అలా వినగా వినగా, మూడువేల పేర్లు పిలవాల్సి వస్తే ఎంతసేపు పట్టేదో అనిపించి కింద కూర్చుండిపోయాను. పెనం మీద దోసె మాడిపోతోంది. దించాలని ఇద్దరికీ తోచలేదు.

"అక్కా" అంది ఆండాళు. నిన్నటి తరవాత అదే మొదటి మాట. "పాపం, అవి ఎంతసేపని తిరుగుతాయే? పలకనా?"

అది పిచ్చి ప్రశ్న. ఆరో దిబ్బ ఇక్కడికి మూడు మైళ్ళు.

"పలకవే" అన్నాను.

కిటికీ రెక్క తోసి, నీళ్ళవైపు తిరిగి, గొంతు ఎంత ఉంటే అంత తెచ్చుకుని, "ఇక్కడున్నా!" అని కేకేసింది.